ఛాయిస్‌లో వదిలేసిన పాఠం

నా టేబుల్ మీద నాలుగు రోజులుగా ఒక ఫారం పడి ఉంది. ఉన్నత పాఠశాలల్లో ఇప్పుడున్న సిలబస్ కంటే కఠినమైన గణితం ప్రవేశపెట్టాలా అని పైన ఒక ప్రశ్న. కింద రెండు గళ్లు. ఒకదాని పక్కన 'అవసరం' అనీ, రెండోదాని పక్కన 'అవసరం లేదు' అనీ ఉంది. గణిత ఉపాధ్యాయులు ఏదో ఒక దాంట్లో టిక్కు పెట్టి సంతకం చేయాలి. అంతే పని.

రోజూ సాయంత్రం మా హెడ్మాస్టరు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి అదే అడుగుతున్నారు.

"ఏందమ్మా, ఒక్క టిక్కే గద. ఆస్తి రాసిస్తున్నవా ఏంది?"

"మీరే పెట్టండి సార్."

"నేను సోషల్ వాణ్ణి. నన్ను అశోకుడి గురించి అడుగు, చెప్త."

ఆయనకు నవ్వులాటగానే ఉంది. నాకే ఒళ్లు మండుతోంది, ఎవరి మీదో తెలియక. పందొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని. దుమ్ముగూడెం మండలంలోని ఈ గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలోనే పదకొండేళ్లు గడిచాయి. లెక్కల మీద అభిప్రాయం చెప్పమంటే నీళ్లు నములుతున్నాను. ఇదే ఫారం నాలుగేళ్ల కిందట వచ్చి ఉంటే 'అవసరం' గడిలో కాగితం చిరిగేలా టిక్కు పెట్టి ఉండేదాన్ని.

ఎందుకో చెప్పాలంటే సత్తుపల్లి వెళ్లాలి. మా నాన్న అక్కడ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. నేను చదివిన హైస్కూల్లో లెక్కల సారు మంచివాడు. పిల్లల్ని కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. అందరూ పాసవ్వాలన్నది ఒక్కటే ఆయన పట్టుదల. పరీక్ష పేపర్లో ఎన్ని ప్రశ్నలిస్తారో, వాటిలో ఎన్ని రాస్తే చాలో ఆయనకు కంఠతా వచ్చు. ఆ లెక్క ప్రకారం ఏ పాఠాలు చదవకపోయినా గట్టెక్కవచ్చో తేల్చి, పుస్తకంలో ఆ పేజీల మీద అడ్డంగా గీత కొట్టించేవాడు. "త్రికోణమితి ఛాయిస్‌ల ఇడిసిపెట్టుండ్రి. ఇంటర్‌ల మళ్లా చెప్తరు" అన్నాడు ఒకరోజు. మేం సంబరంగా గీతలు కొట్టాం. నేనైతే స్కేలు పెట్టి కొట్టాను.

ఖమ్మంలో ఇంటర్ చేరిన మొదటి వారమే లెక్చరర్ బోర్డు మీద సైన్, కాస్ అని రాసి, "ఇదంతా టెన్త్‌లో అయిపోయిందిగా, దాటేద్దాం" అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ రోజు హాస్టల్ బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చాను. తర్వాత ఎవరూ చెప్పలేదు. సూత్రాలు బట్టీ కొట్టి గట్టెక్కాను. బీఎస్సీ, బీఎడ్ పూర్తయ్యాయి, ఉద్యోగం వచ్చింది. కానీ ఈనాటికీ త్రికోణమితి పాఠం మొదలుపెట్టే రోజున నా అరచేతులకు చెమట పడుతుంది. టీచరునయ్యాక ఏ పాఠాన్నీ ఛాయిస్‌లో వదలనని ఒట్టు పెట్టుకున్నాను. వదల్లేదు కూడా. ఆ మాట పదిమందిలో గొప్పగా చెప్పుకునేదాన్ని.

నాలుగేళ్ల కిందటి తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఒకరోజు బోర్డు మీద ఒకటి, మూడు, అయిదు, ఏడు రాసి, బేసి సంఖ్యలను వరసగా కూడితే వర్గం వస్తుందని చెప్పాను. ఎందుకు వస్తుందో పై తరగతిలో సూత్రంతో తెలుస్తుంది అన్నాను. చివరి వరసలోంచి ఆ పిల్ల లేచింది.

"సూత్రమెందుకు మేడం? కట్టలు పెడితే కనపడ్తది."

"ఏం కట్టలు?"

"తునికాకు కట్టలు."

సుద్దముక్క తీసుకుని నేల మీదే గీసింది. మూలన ఒక కట్ట. దాని పక్కన, పైన, మూలన కలిపి మూడు పెడితే రెండు వరసల చతురస్రం. దాని చుట్టూ అలాగే అయిదు పెడితే మూడు వరసలది. వేసవిలో కల్లంలో ఆ బీడీ ఆకు కట్టలు ఎండబెట్టేటప్పుడు చెల్లెలితో ఆడుకుంటూ కనిపెట్టిందట. ఎవరూ చెప్పలేదట. గీయడం అయిపోయాక చేతులు దులుపుకుని, "ఘనాలకు గూడ గిట్లనే ఏమన్న ఉన్నదా మేడం?" అంది.

నాకు తెలియదు. రేపు చెబుతానన్నాను. ఇంటికెళ్లి కుస్తీ పట్టి, మర్నాడు క్లాసుకు వెళ్లేసరికి ఆ పిల్లే ఒక చిత్తు కాగితం పట్టుకుని నిలబడి ఉంది. ఒకటి, ఏడు, పందొమ్మిది. ఒకటికి ఏడు కలిపితే ఎనిమిది, దానికి పందొమ్మిది కలిపితే ఇరవై ఏడు. రెండు ఘనం, మూడు ఘనం. నాకంటే ముందే తేల్చేసింది. నేను ఆ కాగితం చూస్తూ, ఈ పిల్లకు నేను చెప్పే లెక్కలు సరిపోవు అనుకున్నాను. సంతోషం వేసింది. భయం కూడా వేసింది.

హెడ్మాస్టరును ఒప్పించి, తొమ్మిదో తరగతిలో ముప్పై ఆరు మందికీ ఒక పరీక్ష పెట్టాను. బాగా చేసిన ఎనిమిది మందిని తీసుకున్నాను. ఉదయం ఏడింటికి, మిగతా పిల్లలు స్టడీ అవర్‌లో కూర్చునే సమయంలో, వీళ్లకు వంటశాల పక్క వరండాలో పెద్ద లెక్కలు. భద్రాచలంలో నా కిరాయి ఇంటి నుంచి మొదటి బస్సు పట్టుకుంటే సరిగ్గా అందేది. రాగిజావ గ్లాసులు పక్కన పెట్టుకుని, పాత పోటీ పరీక్షల పుస్తకాల్లోని లెక్కలు చేసేవాళ్లం. ఒక్కో లెక్కకు మూడు రోజులు పట్టేది. నా ఉద్యోగ జీవితంలో అంత సుఖంగా పాఠం చెప్పిన రోజులు లేవు. తునికాకుల పిల్ల ఒక్కోసారి నా దారి కాదని వేరే దారిలో జవాబు తెచ్చేది. ఆ వేళ బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ వెళ్లేదాన్ని.

అప్పుడు నేను గమనించని విషయం ఒకటుంది. దాని ఆనవాలు అంతకు ముందు వానాకాలంలోనే నా కళ్ల ముందు పడింది. గోదావరి పొంగి రోడ్డు మునిగి, అయిదు రోజులు నేను బడికి రాలేకపోయాను. తిరిగి వచ్చేసరికి పిల్లలు సగం పాఠం లెక్కలు చేసి పెట్టుకున్నారు. నేను వేసిన పునాది గట్టిదని మురిసిపోయాను. ఇంట్లో కూడా చెప్పుకున్నాను. ఎవరు చెబితే చేశారని మాత్రం అడగలేదు.

వరండా క్లాసు మొదలైన మూడు నెలలకు వచ్చిన పరీక్షల్లో ఆ తొమ్మిదో తరగతి కుప్పకూలింది. నా ఎనిమిది మందీ బ్రహ్మాండంగా రాశారు. మిగిలిన ఇరవై ఎనిమిది మందిలో పందొమ్మిది మంది తప్పారు. నాకు కోపం ఆగదు, అది అందరికీ తెలిసిందే. పేపర్ల కట్ట బల్ల మీద విసిరి కొట్టి తిట్టాను. బుర్రల్లో ఏముందన్నాను. చెప్పిందే చెప్పి గొంతు పోయిందన్నాను. చివరికి ఒక అమ్మాయి లేచింది. తునికాకుల పిల్లకు వరసకు వదిన అవుతుంది. ఇద్దరిదీ ఒకే గూడెం, ఒకే బెంచీ. ఎప్పుడూ నోరు విప్పే పిల్ల కాదు.

"మాకు చెప్పేటోళ్లను మీరు తీస్కపోయిండ్రు మేడం."

"ఎవర్ని తీస్కపోయిన? నేను చెప్తలేనా మీకు?"

"మీరు చెప్తరు. పొద్దుగాల వాళ్లు మళ్ల చెప్తేనే మాకు తెలుస్తది."

ఆ వేళ సాయంత్రం బడి వదిలాక, ఉదయం స్టడీ అవర్‌లో లాగే ఆ ఎనిమిది మందినీ వాళ్ల వాళ్ల గుంపుల్లో కూర్చోమని చెప్పి, నేను వెనక కిటికీ దగ్గర నిలబడ్డాను. ఈ గుంపులు ఎప్పుడో ఎవరో తనిఖీకి వస్తే కాగితం మీద నేను రాసినవే. ఒక లీడరు, ఆమె చుట్టూ నలుగురైదుగురు. రాసి మర్చిపోయాను. పిల్లలు మర్చిపోలేదు. తునికాకుల పిల్ల పుస్తకం తెరిచింది. అది ఇంగ్లీషు మీడియం పుస్తకం. అందులోని మాట ముందు చదివింది. దానికి నేను చెప్పిన తెలుగు మాట చెప్పింది. ఆ తర్వాత కోయ భాషలోకి దిగింది. ఇక నాకు 'హైపోటెనస్' తప్ప ఏమీ అర్థం కాలేదు. వాళ్ల వదిన ముఖం మాత్రం అర్థమైంది. నా క్లాసులో ఎన్నడూ చూడనంత తేటగా ఉంది ఆ ముఖం. ఆమె ఏదో అడిగింది, తునికాకుల పిల్ల చీపురు పుల్లలు విరిచి త్రిభుజం పెట్టి చూపించింది. గుంపంతా నవ్వింది.

అప్పటికి ఏడేళ్లలో కోయలో తిన్నావా, రా, పో, కూర్చో అనే నాలుగు మాటలకు మించి నేర్చుకోనిదాన్ని, అక్కడ నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను. ఏళ్ల తరబడి ఈ బడిలో లెక్కలు చెబుతున్నది నేను కాదు. నా సగం పాఠాన్ని ఈ లీడర్లు మోస్తున్నారు. నేను పరీక్ష పెట్టి, ఏరి ఏరి సరిగ్గా వాళ్లనే వరండాలోకి పట్టుకుపోయాను.

తర్వాత ఏం చేయాలో తోచలేదు. హెడ్మాస్టరు దగ్గర కూర్చున్నాను.

"ఆ ఎనిమిది మంది ఎక్కడేసినా బతుకుతరమ్మా. ఈ ఇరవై ఎనిమిది మంది సంగతి చూడు" అన్నారాయన.

"ఎక్కడేసినా బతుకుతరని మీకెవరు చెప్పిన్రు సార్?"

అలా గట్టిగానే అడిగాను కానీ చివరికి చేసింది ఆయన చెప్పిందే. మొదట రోజు విడిచి రోజు పెట్టి చూశాను. ఒకరోజు వరండా, ఒకరోజు గుంపులు. పిల్లలు అలసిపోయారు. ఇద్దరు మానేస్తామన్నారు. ఇంతలో పదో తరగతి వచ్చింది. రోజూ స్లిప్ టెస్టులు, ప్రత్యేక తరగతులు, వెనకబడిన పిల్లల జాబితాలు. వరండా క్లాసు వారానికి ఒకటయింది, తర్వాత అదీ లేదు. నేను ఆపేస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక దాన్ని అలా ఎండిపోనిచ్చాను.

తునికాకుల పిల్ల మాత్రం వచ్చి అడిగింది.

"పొద్దుగాల క్లాసు బందయినట్టేనా మేడం?"

"మీ వదిన పాస్ కావద్దా మరి?"

"కావాలె. నేనే చేపిస్త." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "కని నాకు చెప్పేది ఎప్పుడు?"

"ఇంటర్‌ల చెప్తరు. అక్కడంతా నీకు లెక్కలే. ఈ ఒక్క ఏడాది ఓపిక పట్టు."

అవ్ మేడం అని వెళ్లిపోయింది. నా మాట మీద దానికి అంత నమ్మకం. ఆ మాట అంతకు ముందు ఎక్కడ విన్నానో ఆ రోజు నాకు గుర్తు రానేలేదు.

పదో తరగతిలో ముప్పై ఆరు మందీ పాసయ్యారు. వదిన పిల్లకు లెక్కల్లో నలభై ఒకటి. తునికాకుల పిల్లకు ఆ ప్రాంతంలోనే మంచి మార్కులు. హెడ్మాస్టరు నాకు శాలువా కప్పారు. నేను ఆనందంతో ఏడ్చాను, అబద్ధం ఎందుకు. ఆ పిల్ల దూరంగా ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ చేరింది. వదిన భద్రాచలంలోనే నర్సు పని నేర్పే కోర్సులో చేరింది. ఇద్దరికీ దారి దొరికిందనుకున్నాను. కొత్త తొమ్మిదో తరగతి వచ్చింది. ఈసారి గుంపులను కదిలించలేదు. వరండా జోలికీ పోలేదు. అలా మూడేళ్లలోకి వచ్చాక ఈ ఫారం వచ్చింది.

నిన్న ఆదివారం భద్రాచలం బస్టాండులో వదిన పిల్ల కనిపించింది. తెల్లకోటు చేతి మీద వేసుకుని ఉంది. నన్ను చూసి పరుగున వచ్చింది. చదువు అయిపోవస్తోందట, దవాఖానాలో పని నేర్చుకుంటోందట.

"మందు డోసు లెక్క నాకు జల్దీ వస్తది మేడం. మా బ్యాచోళ్లందరికీ నేనే చెప్తున్న" అంది.

నా గుండె పొంగింది. లెక్కలంటే వణికిన పిల్ల. ఆ నలభై ఒక్క మార్కుల వెనక ఎవరి ఉదయాలున్నాయో ఇద్దరికీ తెలుసు. మరదలు ఎలా ఉందని అడిగాను. దాని ముఖం మారింది.

"అది గ్రూపు మారింది గద మేడం. మీకు చెప్పలేదా? పరీక్షలయి ఇంటికొచ్చింది. మాట్లాడ్తరా?"

తనే ఫోను కలిపి ఇచ్చింది. గూడెంలో సిగ్నల్ కోసం ఎక్కడో గట్టు ఎక్కినట్టుంది, గాలి హోరు వినిపిస్తోంది.

"బాగున్నరా మేడం?"

"గ్రూపు మారినవంట, ఏందది?"

"అవ్ మేడం. ఎప్పుడో మారిన. ఇప్పుడు సివిక్స్, ఎకనామిక్స్. డిగ్రీ మొదటి ఏడాది."

"ఎందుకు?"

మెల్లగా చెప్పింది. "మొదటి వారంల సార్ బోర్డు మీద ఏందో రాసి, ఇదంతా మీకు వచ్చిందే గద అన్నడు. పెద్ద పెద్ద స్కూళ్ల నుంచి వచ్చినోళ్లు వచ్చు అన్నరు. నేను గూడ వచ్చు అన్న. రెండు నెలలు చూసిన. ఆడ నాకు చెప్పేటోళ్లు లేకుండె మేడం."

నేను బస్టాండు బెంచీ మీద కూర్చుండిపోయాను. వదిన పిల్ల నా సంచి పట్టుకుని పక్కన నిలబడింది.

"నాకు ఫోన్ చేయొద్దా మరి? రాత్రీ పగలూ చెప్పేదాన్ని గద."

"మీకు తొమ్మిదో తరగతి పిల్లలుంటరు గద మేడం. వాళ్లకు చెప్పుడు ఇడిసిపెట్టి నాకెట్ల చెప్తరు?"

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. నేను నేర్పిన న్యాయాన్నే నాకు అప్పజెప్పింది. మా సారు గీత కొట్టించింది పుస్తకంలో పేజీల మీద. నేను ఒక్క పేజీ కూడా వదలకుండా, అందరినీ పాస్ చేయించి, ఈ పిల్లను ఛాయిస్‌లో వదిలేశాను. ఆయన చెప్పిన మాటే చెప్పి వదిలాను. కానీ వదలకపోతే, ఇదిగో నా సంచి పట్టుకుని నిలబడ్డ ఈ పిల్ల ఇక్కడ తెల్లకోటుతో ఉండేదా? ఈ ప్రశ్నకు జవాబు నిజంగా నాకు తెలియదు. రాత్రంతా ఆలోచించినా తెలియలేదు.

ఫోను పెట్టేయబోతుంటే అటు నుంచి మళ్లీ గొంతు వచ్చింది.

"మేడం, ఒకటి అడగాలె. ఘనాల తర్వాతది గూడ చేసిన. నాలుగో ఘాతం. కట్టలు పెడితే కనపడదు, ఉత్తగ లెక్కనే. ఒకటి, పదిహేను, అరవై అయిదు. అది కరెక్టేనా?"

"ఎప్పుడు చేసినవ్?"

"ఇంటర్‌లనే మేడం. గ్రూపు మారినంక. ఎవర్నన్న అడుగుదామంటే ఎవలు లేరు."

చూసి చెబుతానన్నాను. మొదటిసారి ఘనాల గురించి అడిగినప్పుడూ ఇలాగే అన్నాను. బస్సెక్కి కూర్చున్నాక సంచిలో కాగితం కోసం వెతికితే, ఇంట్లో తేల్చుకుందామని శనివారం వేసుకొచ్చిన ఆ ఫారమే చేతికొచ్చింది. వెనక్కి తిప్పి వేశాను. ఒకటికి పదిహేను కలిపితే పదహారు, రెండుకు నాలుగో ఘాతం. దానికి అరవై అయిదు కలిపితే ఎనభై ఒకటి, మూడుకు నాలుగో ఘాతం. తర్వాత రావలసింది నూట డెబ్బై అయిదు. కలిపితే రెండు వందల యాభై ఆరు. సరిపోయింది. పిల్ల చేసింది కరెక్టే.

ఈ రోజు సాయంత్రం హెడ్మాస్టరు ఫారం తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశారు. "ఏందమ్మా ఈ అంకెలు? టిక్కు ఏది?" అన్నారు. ఇంకొక్క రోజు ఆగమన్నాను. ఆయన వెళ్లాక గూడేనికి ఫోను చేశాను. సిగ్నల్ అందలేదు. మళ్లీ చేస్తున్నాను.